గాలాపగోస్ డైవ్ ట్రిప్‌లో ఫెర్నాండినా రోజు: షార్కుల కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది

పసిఫిక్‌లో ఈక్వడార్‌కి చెందిన గాలాపగోస్ దీవుల్లో డైవింగ్ బోటు ఎక్కొచ్చాం అనగానే అందరూ అడిగేది ఒకటే, హ్యామర్‌హెడ్ షార్కులు కనిపించాయా, వేల్ షార్క్ కనిపించిందా అని. కనిపించాయి, బావున్నాయి, డార్విన్, వుల్ఫ్ దీవుల దగ్గర షార్కుల గురించి నెట్‌లో కావలసినంత ఉంది కాబట్టి నేను మళ్ళీ రాయక్కర్లేదు. నేను రాసేది అదే ట్రిప్‌లో వచ్చే ఫెర్నాండినా రోజు గురించి, అంటే ఫెర్నాండినా అనే దీవి దగ్గర గడిపే రోజు. చాలామంది దీన్ని షార్కులు అయిపోయాక వచ్చే కొసరు లాగా చూస్తారు, బుక్ చేసేటప్పుడు అసలు ఆ రోజు ఏముందో కూడా చదవరు, నా లెక్కలో మాత్రం వారానికి కట్టిన డబ్బులు గిట్టుబాటు అయ్యింది ఆ రోజే.

బోటు పేరు రాయట్లేదు. ఒకట్రెండు కంప్లైంట్లు ఉన్నాయి, అవి వాళ్ళకే మెయిల్ చేశాను, ఇక్కడ పేరు పెట్టి రచ్చ చెయ్యడం నాకిష్టం లేదు. పైగా గాలాపగోస్‌లో లైవ్‌అబోర్డ్ అంటే, అంటే బోటులోనే పడుకుని బోటులోనే తిని అక్కడి నుంచే డైవ్ చేసే ట్రిప్, అన్నీ పదహారు మందికి మించకుండా నేషనల్ పార్క్ ఇచ్చిన రూట్‌లోనే తిరుగుతాయి, కాబట్టి ఈ రోజు ప్లాన్ ఏ బోటులో అయినా అటూఇటూగా ఇలాగే ఉంటుంది. నేనూ మా బావా వెళ్ళాం, ఇద్దరం అండమాన్‌లో హావ్‌లాక్‌లో డైవింగ్ నేర్చుకున్నవాళ్ళమే, ఇప్పుడు ఉండేది డల్లాస్‌లో. వెళ్ళింది ఆగస్ట్‌లో.

ముందు చోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే నీళ్ళలోకి దిగాక చూసేది సగమే అర్థమవుతుంది. గాలాపగోస్ దీవులన్నీ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవే, భూమి లోపల ఒకచోట హాట్‌స్పాట్, అంటే కింది నుంచి వేడి పైకి తన్నుకొచ్చే చోటు ఉంది, దానిమీద నాజ్కా పలక, అంటే భూమి పైపెంకులో ఒక పెద్ద ముక్క, నెమ్మదిగా తూర్పు వైపు జరుగుతూ ఉంటుంది, అందుకని తూర్పున ఉన్న దీవులు ముసలివి, పడమర అంచున ఉన్న ఫెర్నాండినా అన్నిటికంటే చిన్న వయసుది. దీవి మొత్తం ఒకటే అగ్నిపర్వతం, పేరు లా కుంబ్రే, ఎత్తు సుమారు 1,470 మీటర్లు. చచ్చిపోయిన కొండ కాదు, 2020 జనవరిలో పేలింది, 2024 మార్చిలో మళ్ళీ పేలింది. 1968లో అయితే పైన ఉన్న బిలం అడుగు దాదాపు 350 మీటర్లు లోపలికి కుంగిపోయింది. మనుషులెవరూ ఉండరు, ఎలుకలు, మేకలు, పిల్లులు లాంటి బయటి జంతువులు కూడా ఇప్పటిదాకా స్థిరపడలేదు, అందుకే దీన్ని అంత జాగ్రత్తగా కాపాడుతున్నారు. అంతరించిపోయిందనుకున్న ఫెర్నాండినా తాబేలు, 1906 తర్వాత ఎవరికీ కనిపించనిది, 2019లో ఒక్క ఆడది దొరికింది కదా, ఫెర్నాండా అని పేరు పెట్టారు, అది దొరికింది ఈ కొండ మీదే.

ఇంకో విషయం నీళ్ళు. భూమధ్యరేఖ పక్కనే ఉన్నాం కదా గోరువెచ్చగా ఉంటుంది అనుకుని వెళ్తే నాశనమైపోతారు. పసిఫిక్‌లో పైనీళ్ళ కింద క్రామ్‌వెల్ ప్రవాహం అని ఒకటి పడమటి నుంచి తూర్పుకి వస్తుంది, అది వచ్చి ఫెర్నాండినా, ఇసబెలా దీవుల పడమటి గోడలకి గుద్దుకుని పైకి లేస్తుంది, లోతులో ఉన్న చల్లటి నీళ్ళూ వాటితో పాటు పోషకాలూ పైకి వచ్చేస్తాయి. దాంతో నాచు విపరీతంగా పెరుగుతుంది, నాచుంటే దాన్ని తినేవి ఉంటాయి, చేపలుంటే పెంగ్విన్లు ఉంటాయి. భూమధ్యరేఖ దగ్గర పెంగ్విన్లేంటి అనే ప్రశ్నకి సమాధానం ఈ చల్లదనమే. మేం దిగినప్పుడు చేతికి కట్టుకునే నా డైవ్ కంప్యూటర్‌లో 17 డిగ్రీలు చూపించింది, కింద ఇంకా తక్కువ.

తెల్లారేసరికి బోటు కాబో డగ్లస్ దగ్గర లంగరేసి ఉంది, అది ఫెర్నాండినా వాయవ్య మూల. ఎదురుగా కొండ, పైన సగం మబ్బులో ఉంది, కింద సగం నల్లగా లావా ఎలా పారిందో అలాగే గడ్డకట్టి సముద్రం దాకా వచ్చేసింది, చెట్టూ చేమా దాదాపు లేవు. కాఫీ తాగుతూ అందరం డెక్ మీదకి వచ్చేశాం, మా బావైతే ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయి అలా నిలబడిపోయాడు.

ఇక్కడ మా గైడ్‌కి పూర్తి మార్కులు వేస్తాను. ఈ దీవుల్లోనే పుట్టినాయన, శాంతా క్రూజ్ దీవి మనిషి, నేషనల్ పార్క్ లైసెన్స్ ఉన్న గైడ్ లేకుండా ఇక్కడ దిగడానికి ఎలాగూ వీల్లేదు, కానీ లైసెన్స్ ఉన్నవాళ్ళందరూ ఒకేలా ఉండరు. ఆయన బ్రీఫింగ్‌లో ముందే చెప్పేశాడు, పొద్దున్నే ఇగువానాలు, అంటే సముద్రంలో దిగి నాచు మేసే పెద్ద బల్లులు, నీళ్ళలోకి రావు, రాత్రంతా ఒళ్ళు చల్లబడి ఉంటుంది, ఎండ కాచుకుని ఒళ్ళు వేడెక్కాకే మేతకి దిగుతాయి, కాబట్టి మొదటి డైవ్ కొంచెం లోతుగా వేరే వాటి కోసం చేద్దాం, ఆ తర్వాత ఆగుదాం, తొందరపడొద్దు అని. పక్కన ఇంకో బోటు వాళ్ళు పొద్దున్నే ఇగువానాల కోసమే తీరం దగ్గర దిగి ఏమీ లేక పైకి వచ్చేయడం మేం కళ్ళారా చూశాం. మీరు బుక్ చేసేటప్పుడు బోటులో రూమ్ ఎంత పెద్దది, జకూజీ ఉందా అని అడిగే బదులు గైడ్ ఎవరు, పశ్చిమ దీవుల్లో ఎన్నేళ్ళ అనుభవం అని అడగండి.

మొదటి డైవ్ పద్దెనిమిది, ఇరవై మీటర్ల దగ్గర. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, ఉష్ణమండలం ఫోటోల్లో చూసే నీలం ఇక్కడ ఆశించకండి, అంత జీవం ఉన్న నీళ్ళు అలా పారదర్శకంగా ఉండవు. రాళ్ళ సందుల్లో గాలాపగోస్ బుల్‌హెడ్ షార్క్ కనిపించింది, ఒంటినిండా నల్ల చుక్కలు, తల మొద్దుగా, కళ్ళ మీద గట్టు, అడుగున పడుకుని ఉంది, మేం దగ్గరికి వెళ్ళినా కదల్లేదు. ఇసక మీద రెడ్ లిప్డ్ బ్యాట్‌ఫిష్ కూడా దొరికింది, లిప్‌స్టిక్ పూసినట్టున్న ఎర్రటి మూతి, రెక్కల్ని కాళ్ళలా ఆనించి అడుగున నడుస్తుంది, ఈత పెద్దగా రాదు దానికి. పేరున్న షార్కుల కంటే ఇలాంటివి చూడటానికి నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇవి ప్రపంచంలో ఇంకెక్కడికి వెళ్ళినా దొరకవు లేదా చాలా తక్కువ చోట్ల దొరుకుతాయి.

పైకొచ్చి వేడి సూప్ తాగి, పంగాలో తీరం వెంబడి తిప్పారు. పంగా అంటే రబ్బరు పడవ, అక్కడ అందరూ అలాగే అంటారు. ఈ రౌండ్‌ని కొన్ని బోట్లు ఎగ్గొడతాయి అని విన్నాను, మీ షెడ్యూల్‌లో ఉందో లేదో చూసుకోండి, డైవ్ బోట్లకి ఇక్కడ దీవి మీద దిగే పర్మిషన్ ఉండదు కాబట్టి భూమ్మీద జంతువుల్ని చూసేది ఈ పడవలోంచే. గుట్టలు గుట్టలుగా ఇగువానాలు, ఒకదాని మీద ఒకటి, తలలన్నీ సూర్యుడి వైపే. లావా రంగూ వాటి రంగూ ఒకటే అవడంతో మొదట అసలు కనిపించలేదు, ఒకటి ముక్కులోంచి ఉప్పునీళ్ళు చీదింది, అప్పుడు చూస్తే ఆ రాయంతా అవే. అవి నాచుతో పాటు ఉప్పు కూడా మింగేస్తాయి, దాన్ని వదిలించుకోడానికి ముక్కు దగ్గర గ్రంథి ఉంటుంది, అందుకే అలా చీదుతూ ఉంటాయి, తలమీద తెల్లగా మచ్చలున్నది ఆ ఆరిపోయిన ఉప్పే. వాటి మధ్యలోంచి ఎర్ర పీతలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

ఆ పక్క రాతి మీద ఎగరలేని నీటికాకి గూడు. ఈ పక్షి ఫెర్నాండినాలోనూ, ఇసబెలా ఉత్తర, పడమటి తీరాల్లోనూ తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు, మొత్తం కలిపినా ఒకటి రెండు వేలు ఉంటాయంతే. ఇక్కడ నేల మీద దాన్ని వేటాడే జంతువు లేదు, తిండి మొత్తం నీళ్ళలోనే ఉంది, ఇక ఎగరడం దేనికి అని తరతరాలుగా రెక్కలు చిన్నవైపోయాయి, ఎగరడానికి కావలసిన సైజులో మూడో వంతు ఉంటాయేమో. నీళ్ళలోంచి ఎక్కొచ్చి ఆ పొట్టి రెక్కల్ని చాపి ఆరబెట్టుకుంటుంటే, ఈకలు చివర్లో చిరిగిన చీపురులా ఉన్నాయి, కళ్ళు మాత్రం ఎంత నీలంగా ఉన్నాయంటే ఆ మసక వెలుతురులో కూడా ముందు అవే కనిపించాయి. మేం చూస్తుండగానే మగది నీళ్ళలోంచి ముక్కు నిండా తడి నాచు పట్టుకొచ్చి ఆడదాని ముందు పెట్టింది, ఆడది దాన్ని తీసుకుని గూట్లో ఒక పక్క పెట్టి కాసేపు సర్ది, మళ్ళీ తీసి ఇంకో పక్క పెట్టింది. గైడ్ చెప్పాడు, పిల్లలు కొంచెం పెద్దవయ్యాక చాలాసార్లు ఆడది వాటిని మగదానికి వదిలేసి ఇంకో జత వెతుక్కుంటుందట. పంగా నడిపే అతను ఇంజిన్ ఆపేసి తెడ్డుతో నిలబెట్టాడు, దగ్గరికి తీసుకెళ్ళండి అని మాలో ఒకరు అడిగితే గైడ్ నవ్వుతూనే కుదరదు అన్నాడు, పార్క్ రూల్ రెండు మీటర్లు, నాకు ఆ మాట చాలా నచ్చింది.

రెండో డైవ్ కోసమే ఇదంతా రాస్తున్నాను నిజానికి. పదకొండు దాటాక ఎండ కాస్త వచ్చింది, రాళ్ళ మీద నుంచి పెద్ద మగ ఇగువానాలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగడం మొదలుపెట్టాయి, తల పైకెత్తి తోకతో పాములా ఈదుకుంటూ. గైడ్ చెయ్యెత్తాడు, మేం పంగా అంచు నుంచి వెనక్కి వాలి నీళ్ళలోకి పడ్డాం. లోతు ఏమీ లేదు, మూడు నాలుగు మీటర్లు, అదే కష్టం కూడా, ఎందుకంటే అలల ఊపు మొత్తం అక్కడే ఉంటుంది, ముందుకి ఒక మూడు మీటర్లు తోస్తుంది మళ్ళీ అంతే వెనక్కి లాగుతుంది, చేతికి గ్లవ్స్ లేకపోతే రాళ్ళకి అతుక్కుని ఉండే బార్నకిల్స్ అనే పదునైన గుల్లలకి అరచేతులు చీరుకుపోతాయి. ఒక పెద్ద రాయి పట్టుకుని కాళ్ళు కిందకి ఆనించి ఉండండి, మీరు వాటి దగ్గరికి వెళ్ళొద్దు, అవే వస్తాయి అన్నాడు, అలాగే ఉన్నాం.

వచ్చింది. నాకు సరిగ్గా ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో వాలింది. మన ఉడుము అంత ఉంటుంది, ముక్కు మాత్రం ఎవరో నొక్కేసినట్టు చప్పిడిగా ఉంటుంది, ఆ చప్పిడి ముక్కు ఎందుకో అప్పుడు తెలిసింది, మూతి మొత్తం రాయికి ఆనించి తలని పక్కకి తిప్పి, కుడి దవడతో ఒకసారి ఎడమ దవడతో ఒకసారి నాచుని కొరుకుతోంది. పళ్ళు చిన్నవి, ఒక్కో పన్నుకీ మూడు మొనలు. గోళ్ళు రాతి పగుళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి, ఊపు వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా గాలికి జెండాలా ఊగుతోంది గానీ ముందు కాళ్ళు కదల్లేదు, ఊపు తగ్గగానే మళ్ళీ కొరకడం, మళ్ళీ ఊపు రాగానే ఆగడం. నేను ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలు దాని పక్కనుంచే పోతున్నాయి, కన్ను ఒకసారి నా వైపు తిప్పింది, తర్వాత తినడంలో పడిపోయింది. చుట్టూ చిన్న చేపలు, అది కొరికినప్పుడు రాలే ముక్కల కోసం. నాచు పొట్టిగా, ఎర్రటిదీ పచ్చటిదీ కలిసి ఉంది, అది తిన్నంత మేర రాయి నున్నగా బయటపడింది.

ఒక పావుగంట తర్వాత పైకి వెళ్ళిపోయింది. ఊపిరి కోసం అనుకున్నాను, గైడ్ తర్వాత చెప్పింది ఏంటంటే ఊపిరి అరగంట కూడా ఆపుకోగలదు, అసలు సమస్య చలి. నీళ్ళలో ఉన్నకొద్దీ ఒళ్ళు చల్లబడిపోతుంది, మరీ చల్లబడితే రాళ్ళెక్కే శక్తి ఉండదు, ఆ లోపు వెళ్ళి మళ్ళీ ఎండ కాచుకోవాలి. అందుకే పెద్ద మగవే ఇలా లోపలికి దిగుతాయి, ఆడవీ చిన్నవీ ఆటు సమయంలో నీళ్ళు తగ్గినప్పుడు బయటపడ్డ రాళ్ళ మీదే మేస్తాయి, చిన్న ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది కదా. పొద్దున పంగాలో చూసిన ఆ ఎండ కాచుకోవడం, ఇప్పుడు కింద చూసిన మేత, రెండూ ఒకే విషయం అని అప్పుడు అర్థమైంది. ఒకే జంతువుని ఒకే పూటలో పైనా కిందా చూడగలగడం, దాని రోజు ఎలా గడుస్తుందో మొత్తం తెలియడం, ఇది నాకు షార్కుల దగ్గర దొరకలేదు. షార్క్ వస్తుంది, వెళ్ళిపోతుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎక్కడికి పోతుందో మనకి తెలీదు.

ఎల్ నినో వచ్చిన ఏళ్ళలో ఈ నీళ్ళు వేడెక్కుతాయి, చల్లటి ప్రవాహం పైకి రాదు, నాచు పోతుంది, ఇగువానాలు ఆకలితో వేలల్లో చచ్చిపోతాయి. మిగిలినవి ఏం చేస్తాయో తెలుసా, పొడవు తగ్గిపోతాయి, బక్కచిక్కడం కాదు, ఎముకతో సహా కుదించుకుపోతాయి, ఇరవై శాతం దాకా తగ్గినట్టు 2000లో సైంటిస్టులు పేపర్ రాశారు, తిండి దొరికాక మళ్ళీ పెరుగుతాయి. పెంగ్విన్లు కూడా 1982-83లో, 1997-98లో సగానికి పైగా పోయాయి. ఇది రాస్తుంటే కూడా నాకు దిగులుగానే ఉంది, ఎందుకంటే నేను చూసినవన్నీ ఆ చల్లటి నీళ్ళ మీదే ఆధారపడి ఉన్నాయి, ఇన్నేళ్ళు ఎవరూ ముట్టుకోకుండా కాపాడిన దీవికి కూడా సముద్రం వేడెక్కితే చెయ్యగలిగింది ఏమీ లేదు.

మధ్యాహ్నం భోజనం చేస్తుండగానే బోటు ఇసబెలా వైపు కదిలింది. తిండి గురించి మనవాళ్ళు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, వెజిటేరియన్ అని బుక్ చేసేటప్పుడే రాయించాం, రోజూ అన్నం ఉంది, మెనేస్త్రా అని చిక్కుళ్ళతోనో పప్పుతోనో చిక్కగా వండే కూర ఈక్వడార్‌లో ఇంటింటా ఉంటుంది, అన్నంలో కలుపుకుంటే హాయిగా ఉంది, పచ్చి అరటికాయ వేపుడు పటకోన్లు, అహీ అని కారం సాస్. కారం చాలకపోతే ఇంకొంచెం అడగండి, వంటాయన సంతోషంగా తెచ్చిపెట్టాడు. ఇంటి నుంచి ఏమైనా తీసుకెళ్దామంటే పళ్ళు, విత్తనాలు, మొక్కలకి సంబంధించినవి ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేస్తారు, బ్యాగులు ఎక్స్‌రే చేస్తారు, దాని మీద విసుక్కోకండి, ఒక్క విత్తనం వల్ల దీవి ఎంత పాడవుతుందో వాళ్ళు అనుభవించి తెలుసుకున్నారు.

మూడో డైవ్ పుంతా విసెంతె రోకా, అది ఇసబెలాలో ఉంది గానీ ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఇక్కడ వోల్కాన్ ఈక్వడార్ అనే కొండ, సగం ఎప్పుడో సముద్రంలోకి జారిపోయింది, మిగిలిన సగం కోసి పెట్టినట్టు నిలబడి ఉంది, లావా ఏ పొర మీద ఏ పొర పడిందో బయటికే కనిపిస్తుంది. దాని కింద గోడ వెంబడి డైవ్. దీని గురించి తక్కువ రాస్తాను, ఎందుకంటే ఫోటోల్లో ఇదే అందరూ పెడతారు. ఇరవై మీటర్లు దాటగానే ఒక్కసారిగా మొహం మీద ఐసు పెట్టినట్టు థర్మోక్లైన్, అంటే ఉన్నట్టుండి నీళ్ళు చల్లబడే పొర, తగిలింది, మాస్క్ చుట్టూ చర్మం మొద్దుబారిపోయింది, అక్కడే మోలాలు ఉన్నాయి. సన్‌ఫిష్ అంటారు, మనిషి కంటే పెద్ద చేప, తోక లేనట్టే ఉంటుంది, గోడ దగ్గర నిటారుగా ఆగిపోయి చిన్న చేపల చేత ఒళ్ళు శుభ్రం చేయించుకుంటోంది. వెనక నుంచి ఎవరూ చుట్టుముట్టొద్దు, గోడ వైపు ఆనుకుని ఉండండి అని గైడ్ ముందే చెప్పాడు, మా గ్రూపులో అందరూ పాటించారు కాబట్టి అది చాలాసేపు ఉంది. పైకి వస్తుంటే పచ్చ తాబేళ్ళు ఎన్నో లెక్కపెట్టలేదు, ఒక సీహార్స్ నల్ల పగడం కొమ్మకి తోక చుట్టుకుని ఉంది, పైకి వచ్చేముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో సీ లయన్ పిల్ల వచ్చి మా బావ ఫిన్ కొరికి పారిపోయింది. ఒక నీటికాకి మా కింద నుంచి కాళ్ళతో తన్నుకుంటూ వెళ్ళి, పొట్టి రెక్కలు ఒంటికి అతికించుకుని, రాళ్ళ బొక్కల్లో ముక్కు పెట్టి వెతకడం చూశాక, పొద్దున గూటి మీద చూసిన పక్షి ఇదేనా అనిపించింది, పైన తడబడుతూ నడిచేది కింద అంత చురుకు.

ఇక కంప్లైంట్లు. ఒకటి, అద్దెకి ఇచ్చిన వెట్ సూట్, అంటే చలి ఆపడానికి వేసుకునే రబ్బరు డ్రెస్. వెబ్‌సైట్‌లో 7 ఎంఎం అని ఉంది, ఇచ్చింది ఎన్నేళ్ళు వాడిందో నొక్కుకుపోయి పల్చబడింది, హుడ్ మెడ దగ్గర కుట్లు ఊడి ఉంది, మార్చమంటే నా సైజులో ఇంకోటి లేదన్నారు. మూడో డైవ్‌కి నాకు వణుకు ఆగలేదు, బావ సొంతంగా తెచ్చుకున్నాడు కాబట్టి ఆయన హాయిగా ఉన్నాడు. అన్నేసి వేల డాలర్లు తీసుకుని, ఇంత చల్లటి డైవ్‌లు ఉన్న రూట్‌లో తిరుగుతూ సూట్ సరిగ్గా ఇవ్వకపోవడం నాకు నిజంగా కోపం తెప్పించింది, ఇది సౌకర్యం సంగతి కాదు, చలికి గాలి ఎక్కువ వాడేస్తాం, తప్పుడు నిర్ణయాలు తీసుకుంటాం, భద్రత విషయం. రెండు, నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ ఎక్కువ కలిపిన డైవింగ్ గాలి, దాని ధర ఫైనల్ బిల్లులో విడిగా వేశారు, ముందు చెప్పుంటే గొడవ లేదు. పెద్ద తలనొప్పి కాదు గానీ అడిగి తీసుకోండి.

ఖర్చు గురించి. ఈ లైవ్‌అబోర్డ్‌లు వారానికి ఆరేడు వేల డాలర్ల దగ్గర ఉంటాయి, కొన్ని ఇంకా ఎక్కువ. దాని పైన ఫ్లైట్లు, ఈక్వడార్‌లో కీటో నుంచో గ్వాయాకీల్ నుంచో గాలాపగోస్‌లో ఎయిర్‌పోర్ట్ ఉన్న బాల్త్రా దీవికి వెళ్ళాలి, నేషనల్ పార్క్ ఎంట్రీ విదేశీ పెద్దవాళ్ళకి 200 డాలర్లు, 2024 ఆగస్ట్ నుంచి 100 నుంచి డబుల్ చేశారు, ట్రాన్సిట్ కార్డ్ ఇంకో 20. ఈక్వడార్‌లో కరెన్సీ డాలరే కాబట్టి మార్చుకునే పని లేదు. ఎంట్రీ ఫీజు గురించి కొందరు బోటులో గొణిగారు, నాకు మాత్రం ఆ 200 అస్సలు ఎక్కువ అనిపించలేదు, ఆ డబ్బుతోనే కదా గస్తీ పడవలు తిరిగేది, రేంజర్లకి జీతాలు ఇచ్చేది.

డైవింగ్ రాని వాళ్ళకి ఈ బోటు వద్దు. మా అక్క అంతకుముందు నేచురలిస్ట్ క్రూయిజ్‌లో, అంటే దీవుల మీద దిగి జంతువుల్ని చూపించే బోటులో, వెళ్ళొచ్చింది, అది వేరే లైసెన్స్, వాళ్ళకి ఫెర్నాండినాలో పుంతా ఎస్పినోసా దగ్గర దిగనిస్తారు, దీవి మొత్తానికి టూరిస్టులు కాలు పెట్టగలిగే చోటు అదొక్కటే. అక్కడ లావా మీద నడుస్తూ పొట్టి లావా కాక్టస్‌లు, గాలాపగోస్ గద్ద, తిమింగలం అస్థిపంజరం, గుట్టలుగా ఇగువానాలు చూసింది, స్నార్కెలింగ్‌లో పైనుంచి ఇగువానాలు మేయడం కూడా చూసింది. నిజం చెప్పాలంటే భూమ్మీద జంతువుల విషయంలో ఆమే మాకంటే ఎక్కువ చూసింది. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలంటే, పిల్లలుంటే, అదే బుక్ చెయ్యండి. డైవింగ్ వచ్చి ఒక్కదానికే డబ్బులున్నాయి, షార్కులా ఇగువానాలా అని అడిగితే మాత్రం నా సమాధానం మారదు.

డైవింగ్ వచ్చు అంటే కూడా మొదటి కోర్సుకి ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డ్ తీసుకుని నెక్స్ట్ నెల వెళ్ళిపోయే చోటు కాదిది. చాలా బోట్లు యాభై డైవ్‌లైనా ఉండాలంటాయి, అది ఊరికే పెట్టిన రూల్ కాదు, చలి, ఊపు, పచ్చటి నీళ్ళు, ఒక్కోసారి కిందకి లాగే కరెంటు, అన్నీ ఒకే రోజు వస్తాయి. త్వరగా పైకి వచ్చి ఒళ్ళు దెబ్బతింటే చికిత్స చేసే డీకంప్రెషన్ ఛాంబర్ ఫెర్నాండినా దగ్గర లేదు, దాని దగ్గరికి బోటులో చాలా గంటలు, డైవ్ ఇన్సూరెన్స్ లేకుండా వెళ్ళకండి. అండమాన్‌లో గోరువెచ్చటి నీళ్ళలో నేర్చుకున్న మనలాంటి వాళ్ళు వెళ్ళేముందు ఎక్కడైనా చల్లటి నీళ్ళలో, మందపాటి సూట్‌తో, హుడ్ గ్లవ్స్ వేసుకుని కొన్ని డైవ్‌లు చేసుకుంటే మంచిది, ఆ సూట్‌కి బరువులు ఎన్ని కావాలో అక్కడ తేల్చుకోవచ్చు.

నెల విషయానికొస్తే, జూన్ నుంచి నవంబర్ దాకా నీళ్ళు బాగా చల్లగా, ఆకాశం మబ్బుగా ఉంటుంది, జీవం ఎక్కువ ఉండేది కూడా అప్పుడే. జనవరి నుంచి మే దాకా నీళ్ళు కొంచెం వెచ్చబడతాయి, ఎండ బావుంటుంది. కాబో డగ్లస్ పడమటి అలలకి పూర్తిగా ఎదురుగా ఉంటుంది కాబట్టి ఏ నెలలో వెళ్ళినా ఆ రోజు సముద్రం ఒప్పుకోకపోతే కెప్టెన్ దించడు, దించకూడదు కూడా. కాబట్టి బుక్ చేసేముందు ఏజెంట్‌ని ఈ మూడూ అడగండి: ఫెర్నాండినాకి ఒక పూటే ఇచ్చారా రోజంతా ఇచ్చారా, కాబో డగ్లస్ కుదరకపోతే మర్నాడు మళ్ళీ ప్రయత్నిస్తారా, పంగా రౌండ్ ఉందా. మా బోటు వాళ్ళు మూడింటికీ సూటిగా జవాబు చెప్పారు, అందుకే సూట్ విషయంలో కోపం ఉన్నా ఐదుకి నాలుగు ఇస్తున్నాను, గైడ్‌కి మాత్రం ఐదుకి ఐదు. సూటూ హుడ్డూ మీవి మీరు పట్టుకెళ్ళండి, బ్యాగు బరువు ఎక్కువైనా పర్లేదు.